మా చీరకు మా పేరు రావాలంటే బ్లాగు పనికొస్తుందా?

పుట్టపాక_మగ్గం · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది యాదాద్రి భువనగిరి జిల్లాలోని పుట్టపాక. మామయ్య, మా ఆయన ఇద్దరూ మగ్గం మీద కూర్చుంటారు. అత్తమ్మ చిటికీ కడుతుంది, అంటే రంగు అంటకూడని చోట దారానికి కట్లు వేస్తుంది. ఫోన్లు, లెక్కలు, పార్సిళ్లు నావి. నేను పెళ్లై వచ్చేనాటికి నేసిన ప్రతి చీరా నూలు, డిజైను ఇచ్చి నేయించుకునే షావుకారికే పోయేది, కూలి మాత్రమే ఇంటికి వచ్చేది. రెండేళ్ల నుంచి నెలకు రెండు మూడు చీరలు మా సొంత పెట్టుబడితో నేసి వాట్సాప్‌లో అమ్ముతున్నాం.

ఫోన్ చేసేవాళ్లలో చాలామంది మొదట అడిగేది ఒకటే. "ఇదే డిజైను మా దగ్గర షాపులో తొమ్మిది వందలకు ఉంది, మీరు తొమ్మిది వేలు అంటున్నారేంటి?" అది ప్రింటు చీర, మాది ఇక్కత్, అంటే దారం మీదే రంగు అద్ది తర్వాత నేసిన చీర అని అరగంట చెప్తాను. కొందరు అర్థం చేసుకుని కొంటారు. కొందరు "చూసి చెప్తాం" అని పెట్టేస్తారు. మర్నాడు ఇంకొకరు చేస్తారు, మళ్లీ అదే కథ మొదటి నుంచి. గొంతు పోతోంది.

ఇంకో బాధ కూడా ఉంది. మా చీర కొన్నవాళ్లు "ఎక్కడ కొన్నావ్" అంటే "పోచంపల్లి" అంటారు, లేదంటే షాపు పేరు చెప్తారు. నేసిన ఇంటి పేరు ఎక్కడా రాదు. ఆ పేరు రావాలని నా కోరిక.

బ్లాగు పెట్టుకోమని మా తమ్ముడు అంటున్నాడు. ఈ రోజుల్లో బ్లాగు ఎవరైనా చదువుతారా? తెలుగులో రాయాలా, ఇంగ్లీషులోనా? ఖర్చెంత అవుతుంది?

---

రీల్స్_రవ్వంత · సోమవారం, రాత్రి 10:15

అక్కా, మనసులో మాట చెప్తున్నాను. నేను రెండు బట్టల షాపులకు వీడియోలు చేస్తాను. మగ్గం ఆడుతున్న చప్పుడుతో ముప్పై సెకన్ల రీల్ పెట్టండి, వేలల్లో చూస్తారు. బ్లాగు రాసే టైములో పది రీల్స్ అవుతాయి. చదివే ఓపిక జనానికి తగ్గింది.

---

కూడలి_పాతకాపు · మంగళవారం, ఉదయం 6:20

రీల్స్ తమ్ముడి మాటలో నిజం ఉంది. రీల్ చూసినంత మంది బ్లాగు చదవరు. కానీ అమ్మాయి అడిగింది ఎంతమంది చూస్తారని కాదు. ఒకే జవాబు రోజూ ఎందుకు చెప్పాల్సి వస్తోందని, పేరు ఎందుకు నిలవడం లేదని.

నేను తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలి, జల్లెడ సైట్లు ఉన్న రోజుల నుంచి రాస్తున్నవాడిని. లేఖిని అనే తెలుగు టైపింగ్ పేజీలో టైపు చేసి, కాపీ చేసి, గూగుల్ వాళ్ల బ్లాగరులో పెట్టేవాళ్లం. అప్పుడు మా సాయంత్రపు రచ్చబండ ఆర్కుట్. 2014 సెప్టెంబరు 30న మూసేశారు. తర్వాత గూగుల్ ప్లస్ అన్నారు, 2019 ఏప్రిల్ 2న అదీ పోయింది. టిక్‌టాక్‌లో చిన్న ఊళ్ల నుంచి ఎంతమంది పైకొచ్చారో మనందరికీ తెలుసు. 2020 జూన్ నెలాఖరులో నిషేధం వచ్చింది, ఒక్క రాత్రిలో ఆ వీడియోలన్నీ మనకు కనబడకుండా పోయాయి. వాటి కంటే ముందు, 1999లో మొదలైన బ్లాగరు మాత్రం ఇంకా ఉంది. అందులో నేను అప్పట్లో రాసిన పోస్టులకు ఇప్పటికీ ఎవరో ఒకరు వ్యాఖ్య పెడుతూనే ఉన్నారు.

అమ్మా, ఆ యాప్‌లు సంతలాంటివి. సంతకు పోవాలి, జనం అక్కడే ఉంటారు. అయితే సంతలో మన సరుకు నచ్చినవాడు వచ్చే వారం మనల్ని వెతుక్కుంటూ వస్తే "ఫలానా వీధిలో ఫలానా ఇల్లు" అని చెప్పడానికి ఒక గడప ఉండాలి కదా. బ్లాగు ఆ గడప. రీల్స్ చెయ్యి, కింద బ్లాగు లింకు పెట్టు. రెండింటికీ గొడవ లేదు.

---

గోదారి_పచ్చళ్ళు · మంగళవారం, ఉదయం 11:05

చెల్లీ, నాది రాజమండ్రి. ఇంటి పచ్చళ్లు. మీ అరగంట ఫోను కథ చదువుతుంటే నా కథే అనిపించింది.

నాకు వచ్చే ఫోను ఏంటంటే, "మీ ఆవకాయలో నూనె చాలా ఎక్కువేశారు, పైన తేలుతోంది". నూనె పైన తేలాలి! ముక్క నూనెలో మునిగి ఉంటేనే గాలి తగలదు, బూజు పట్టదు. ఎంతమందికని చెప్పను? ఒకరోజు విసుగొచ్చి, ఫోన్లో ఎలా చెప్తానో అలాగే మాటలు పేర్చి బ్లాగులో రాసేశాను. కలిపిన రోజు జాడీ ఎలా ఉంటుంది, మూడో రోజు తిరగ కలిపేటప్పుడు ఊట ఎంత వస్తుంది, నూనె ఎప్పుడు పైకి వస్తుంది, మూడు ఫోటోలతో. అది అమ్మకం కోసం రాసింది కాదు, నా గొంతు కాపాడుకోవడానికి రాసింది. ఇప్పుడు నాకు కొత్తగా వచ్చే ఫోన్లలో చాలావరకు ఆ పోస్టు చదివి వచ్చినవే. వాళ్లు ధర గురించి వాదించరు. "ఈ ఏడాది కాయ ఎక్కడిది అక్కా" అని అడుగుతారు. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నా మనసు నిండుతుంది.

ఒక పొరపాటు కూడా చెప్తాను, మీరు చేయకూడదని. ఉసిరి పచ్చడి గురించి రాస్తూ "షుగర్ తగ్గిస్తుంది" అని ఒక లైను రాసేశాను. ఊళ్లో అందరూ అనే మాటే కదా అనుకున్నాను. ఒక డాక్టరుగారు చదివి, అలా రాయకూడదమ్మా అని నెమ్మదిగా చెప్పారు. తిండి సరుకు జబ్బు నయం చేస్తుందని ప్రచారం చేయడం నేరం. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) వాళ్లు 2018లో దీని మీద నిబంధనలు కూడా తెచ్చారు. పైగా ఎవరైనా నా మాట నమ్మి మందు మానేస్తే? ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వెంటనే తీసేసి, తీసేసినట్టు కూడా అదే పోస్టులో రాశాను. ఇప్పుడు నా 14 అంకెల లైసెన్సు నంబరు, తయారుచేసిన తేదీ, ఏమేం వేశానో, అంతే రాస్తాను.

---

వెబ్‌పని_అమీర్‌పేట · మంగళవారం, మధ్యాహ్నం 2:30

పచ్చళ్ళ అక్క చెప్పింది మా ఎస్‌ఈఓ (గూగుల్‌లో వెతికితే పేజీ దొరికేలా చేసే) పనిలో అసలు సూత్రం. కస్టమరు ఫోన్లో ఏ మాటలతో అడుగుతాడో గూగుల్‌లోనూ దాదాపు ఆ మాటలతోనే వెతుకుతాడు. కాబట్టి పోస్టుకు "మా నేత వైభవం" అని పేరు పెడితే ఎవరికీ దొరకదు. "ఇక్కత్ చీర ఒరిజినలా, ప్రింటా ఎలా తెలుసుకోవాలి" అని పెడితే దొరుకుతుంది.

ఖర్చు సంగతి. బ్లాగరు ఉచితం. సొంత డొమైన్ పేరు (వెబ్ చిరునామా) కొనుక్కుంటే ఏడాదికి వెయ్యి రూపాయలకు కాస్త అటూ ఇటూ, దాన్ని బ్లాగరుకే కలుపుకోవచ్చు. ఈ వెయ్యి మాత్రం మిగుల్చుకోవద్దు. రేపు బ్లాగరు వదిలి ఇంకో బ్లాగు వేదికైన వర్డ్‌ప్రెస్‌కు మారినా చిరునామా మారదు. డొమైను మీ ఇంట్లోవాళ్ల పేరు మీద, మీ మెయిల్‌తోనే రిజిస్టరు చేయించుకోండి. మా దగ్గరకు వచ్చిన ఒకాయన వెబ్‌సైటు చేసి ఇచ్చినవాడి పేరు మీదే డొమైన్ ఉండిపోయి, వాడు ఫోన్ ఎత్తక, పదేళ్ల పేరు పోగొట్టుకున్నారు.

గూగుల్ వాళ్ల సెర్చ్ కన్సోల్ కూడా ఉచితమే. ఏ మాటలు వెతికి మీ దగ్గరకు వచ్చారో అందులో కనబడుతుంది. మీ తర్వాతి పోస్టు ఏంటో అదే చెప్తుంది. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో మీ ఇంటిని చేర్చి అక్కడ బ్లాగు లింకు పెట్టండి, పుట్టపాక చూడ్డానికి వచ్చేవాళ్లు దారి కనుక్కుంటారు.

భాష విషయంలో నా మాట: ముందు తెలుగులో రాయండి. మీకు నోటికి వచ్చే భాషలో రాస్తేనే మగ్గం దగ్గరి మాటలు వస్తాయి. బాగా చదివిన పోస్టులను తర్వాత ఇంగ్లీషులో విడిగా పెట్టుకోవచ్చు.

రోజుకో పోస్టు రాసిస్తామని, వంద లింకులు కొనిపెడతామని ఎవరైనా వస్తే ఒప్పుకోకండి. ఒక పేజీని అంచనా వేసేటప్పుడు రాసినవాళ్ల స్వానుభవాన్ని కూడా చూడమని గూగుల్ 2022 డిసెంబరులో తన మార్గదర్శకాల్లో చేర్చింది. ఆ అనుభవం మీ ఇంట్లో తరాల నుంచి ఉంది. కొనుక్కోవాల్సిన పని లేదు.

---

పుట్టపాక_మగ్గం · బుధవారం, రాత్రి 10:50

అందరికీ చాలా థ్యాంక్స్. ఈ రోజు కూర్చుని మొదటి పోస్టు రాశాను. మొదటి పేరా ఇక్కడ పెడుతున్నాను, ఎలా ఉందో చెప్పండి.

"తరతరాల వారసత్వ సంపదగా విరాజిల్లుతున్న మన చేనేత కళా వైభవానికి నిలువెత్తు నిదర్శనం పుట్టపాక ఇక్కత్. సంప్రదాయం, నాణ్యతల మేలుకలయికగా రూపుదిద్దుకునే మా చీరలు ప్రతి మగువ మనసు దోచుకుంటాయి."

---

డాలస్_తెలుగిల్లు · గురువారం, ఉదయం 7:10

నేను మీలాంటివాళ్ల దగ్గర కొనే మనిషిని, కొనేవాళ్ల వైపు నుంచి చెప్తాను. ఏమీ అనుకోకండి. ఈ పేరా ఏ షాపు వాళ్లదైనా కావచ్చు. చీర పేరు మారిస్తే కంచికీ, గద్వాలకూ కూడా సరిపోతుంది. నాకు ఇందులో మీ ఇల్లు కనబడలేదు.

ఇక్కడ మీరు మొదట అడిగిన ప్రశ్నలో "దారం మీదే రంగు అద్ది తర్వాత నేస్తాం" అని ఒక్క ముక్క రాశారు చూడండి, అక్కడ నేను ఆగిపోయాను. నేయకముందే డిజైను దారం మీద ఎలా వస్తుంది? ఎక్కడ రంగు పడాలో ఎలా తెలుస్తుంది? అది చెప్పండి. ఇక్కడ అమెరికాలో మా పిల్లలకు చీర చూపించి చెప్పుకోవడానికి నాకు ఆ కథ కావాలి.

---

గోదారి_పచ్చళ్ళు · గురువారం, ఉదయం 9:00

అవును చెల్లీ. ఫోన్లో ఎప్పుడైనా "విరాజిల్లుతున్న" అన్నావా? ఫోన్లో ఏమన్నావో అదే రాయి. ఇంకో చీర గురించి ఎవరో ఫోన్ చేసినప్పుడు నీ మాటలు రికార్డు చేసుకుని విను, సగం పోస్టు అక్కడే ఉంటుంది.

---

పుట్టపాక_మగ్గం · శుక్రవారం, రాత్రి 11:30

అక్క చెప్పినట్టే చేశాను. మళ్లీ రాశాను. ఇది చూడండి.

"మా అత్తమ్మ ముందు ఒక చెక్క చట్రానికి పట్టుదారం బిగించి ఉంటుంది. దాని మీద గుర్తులు గీసి ఉంటాయి. ఎక్కడ రంగు అంటకూడదో అక్కడ సైకిల్ ట్యూబు సన్నగా కోసిన రబ్బరు పట్టీతో బిగించి చుడుతుంది. ఇదే చిటికీ కట్టడం. తర్వాత ఆ దారాన్ని రంగులో ముంచుతాం. రబ్బరు కింద ఉన్న చోట పాత రంగు నిలుస్తుంది, మిగతా చోట కొత్త రంగు ఎక్కుతుంది. ఇంకో రంగు కావాలంటే మళ్లీ కట్టాలి, మళ్లీ ముంచాలి. నాలుగు రంగులున్న చీరంటే అత్తమ్మ వేళ్లు ఎన్నిసార్లు ఆ దారం మీద తిరిగాయో మీరే చూసుకోండి. ఇంత చేశాక మగ్గం మీదకు వస్తుంది. అక్కడ మామయ్య ఒక్కో పేకను (అడ్డదారాన్ని) వెంట్రుకంత జరిపి సరిచేసుకుంటూ పువ్వు కలుపుతాడు. ఎంత సరిచేసినా పువ్వు అంచు కాస్త కరిగినట్టే ఉంటుంది. ఆ కరిగిన అంచే ఇక్కత్ గుర్తు. ప్రింటు చీరలో గీత గీసినట్టు పదునుగా ఉంటుంది. చీర తిరగేసి చూడండి. దారానికే రంగు ఎక్కింది కాబట్టి మా చీరకు రెండు వైపులా ఒకే రంగు ఉంటుంది. ప్రింటు చీరకు వెనక వైపు మామూలుగా వెలిసినట్టు కనబడుతుంది."

---

డాలస్_తెలుగిల్లు · శనివారం, ఉదయం 6:45

చదువుతూనే లేచి బీరువా తీసి నా చీరలు తిరగేసి చూశాను. ఒకటి ప్రింటు అని ఇప్పుడు తెలిసింది. ఎనిమిదేళ్లుగా ఇక్కత్ అనుకుని కడుతున్నాను.

"వెంట్రుకంత జరిపి" అన్న చోట నాకు కళ్లు చెమర్చాయి.

---

నేత_సొసైటీ_పెద్దమనిషి · శనివారం, ఉదయం 10:20

చాలా బాగా రాశావు బిడ్డా. ఒక్క దిద్దుబాటు. చీర తిరగేసి చూసే పరీక్ష ప్రింటునే పట్టిస్తుంది. దారానికి రంగు అద్ది పవర్‌లూమ్ మీద నేసింది కూడా రెండు వైపులా ఒకేలా ఉంటుంది. దాన్ని చేనేత అనుకుని మోసపోతారు. కాబట్టి "ఇది ప్రింటును కనిపెట్టే పద్ధతి, చేనేత అవునో కాదో తెలియాలంటే హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్ అడగండి" అని రెండో వాక్యం చేర్చు. 2006 నుంచి ఆ మార్కు ఉంది. మీ ఇంటికి లేకపోతే తీసుకోండి. పట్టుకు సిల్క్ మార్క్ విడిగా ఉంటుంది.

ఇంకోటి, తొమ్మిది వందల చీర కట్టుకునేవాళ్లను చిన్నబుచ్చే మాట ఎక్కడా రాయకు. వాళ్ల చేతిలో ఉన్నది అంతే. ప్రింటును ఇక్కత్ అని అబద్ధం చెప్పి అమ్మేవాడితోనే మన తగవు.

---

పుట్టపాక_మగ్గం · శనివారం, మధ్యాహ్నం 1:15

నిజమే పెద్దయ్యా, రెండు మాటలూ పాటించాను. మామయ్యకు మీ మాట చదివి వినిపించాను. తలూపాడు.

ఇప్పుడు నాకున్న పెద్ద భయం అడుగుతాను. మా డిజైన్లు బ్లాగులో పెడితే నెల తిరక్కుండా ప్రింటు వేసేస్తారు. ఇంతకుముందు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టిన చీర అలాగే పోయింది, కళ్లారా చూశాను. ఇంకో చిక్కు ఏమిటంటే, మగ్గం మీద ఎక్కువగా ఉండేది షావుకారు ఇచ్చిన డిజైనే. దాని ఫోటో పెట్టొచ్చా?

---

నేత_సొసైటీ_పెద్దమనిషి · శనివారం, సాయంత్రం 5:40

షావుకారు డిజైను ఆయన్ని అడక్కుండా పెట్టకు. నూలు ఆయనది, గీయించింది ఆయన, మీకు ఏడాది పొడుగునా పని ఇచ్చేదీ ఆయనే. అడిగితే ఒప్పుకోవచ్చు కూడా. ఒప్పుకోకపోతే మీ సొంత చీర మగ్గం ఎక్కేదాకా ఆగు.

కాపీ భయం నిజమైనదే, దాన్ని పూర్తిగా ఆపలేం. కానీ ఏది చూపించాలో నీ చేతిలో ఉంది. డిజైను గీసిన గ్రాఫ్ కాగితం చూపించకు. చీర మొత్తం పరిచి నిటారుగా తీసిన ఫోటో పెట్టకు, వాళ్లకు కావలసింది అదే. ముడి వేసే చేయి చూపించు, రంగు కారుతున్న దారం చూపించు, చెంగు ఒక మూల దగ్గరగా చూపించు. పూర్తి చీర ఫోటో అడిగినవాళ్లకు విడిగా పంపు. డిజైను ఎత్తుకుపోతారు గానీ మీ అత్తమ్మ చేతిని ఎవరు ఎత్తుకుపోతారు?

---

రీల్స్_రవ్వంత · శనివారం, సాయంత్రం 6:30

అక్కా, చేతుల క్లోజప్ వీడియోకు కూడా బాగుంటుంది. రబ్బరు పట్టీ విప్పినప్పుడు కింద తెల్లగా బయటపడే ఆ ఒక్క క్షణం తీయండి. వీడియో కింద మీ పోస్టు లింకు పెడదాం. బ్లాగు వద్దన్నాను గానీ మీ పేరా చదివాక నా మాట మార్చుకున్నాను.

---

మార్కు_పేపర్లు · ఆదివారం, ఉదయం 11:00

పేరు గురించి ఎవరూ చెప్పలేదు, నేను ఆ పనే చేస్తాను కాబట్టి రాస్తున్నాను. బ్లాగుకు, చీర మీది లేబుల్‌కు, పార్సిల్ మీది చీటీకి ఒకటే పేరు ఉండాలి. ఒక్కోచోట ఒక్కోలా ఉంటే పేరు నిలవదు.

"పోచంపల్లి" అనో "తేలియా రుమాలు" అనో మీ బ్రాండుగా పెట్టుకోలేరు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకు అని ఇచ్చే జీఐ) వచ్చింది. మీ ఊరికి పేరు తెచ్చిన, నూనెలో నానబెట్టిన నూలుతో నేసే తేలియా రుమాలుకు 2020లో వచ్చింది. అవి అక్కడ నేసేవాళ్లందరివీ. ఆ పేరు మీ సరుకు మీద చట్టబద్ధంగా వాడుకోవడానికి "అధీకృత వినియోగదారు"గా నమోదు చేసుకోవచ్చు, తప్పకుండా చేసుకోండి. బ్రాండు పేరు మాత్రం మీదంటూ వేరే ఉండాలి.

దానికి ట్రేడ్‌మార్క్ దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో సరుకు తరగతికి రుసుము 4,500. చీరలు 25వ తరగతి. రిజిస్టరైతే పదేళ్లు ఉంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు. వృత్తంలో ఆర్ అక్షరం ఉండే గుర్తు రిజిస్ట్రేషన్ వచ్చాకే వాడాలి, ముందే వాడితే శిక్ష ఉంది. బ్లాగులో పేరు తేదీలతో సహా వాడుతూ వస్తే, ఆ పేరు మీరు ఎప్పటి నుంచి వాడుతున్నారో చూపించడానికి అదీ ఒక ఆధారం అవుతుంది.

---

పుట్టపాక_మగ్గం · ఆదివారం, రాత్రి 9:20

ఈ సంగతి అసలు తెలియదు నాకు. పేరు గురించి ఇంట్లో మాట్లాడుకున్నాం. మా ఆయన ఇంటి పేరు పెడదామన్నాడు. మామయ్య అత్తమ్మ పేరు పెట్టమన్నాడు. అత్తమ్మ లోపలికి వెళ్లిపోయింది, చాలాసేపు బయటికి రాలేదు. అత్తమ్మ పేరే ఖాయం చేశాం.

ఇంకొక్కటి అడుగుతాను. ఫ్యాషన్ బ్లాగు నడిపే ఒకామె, ఒక చీర ఉచితంగా ఇస్తే మా గురించి మంచిగా రాస్తానంది. ఇవ్వాలా?

---

వెబ్‌పని_అమీర్‌పేట · ఆదివారం, రాత్రి 10:05

ఇవ్వడం తప్పు కాదు, కానీ చీర ఉచితంగా తీసుకున్నానని ఆమె పోస్టులో స్పష్టంగా రాయాలి. డబ్బే కాదు, ఉచితంగా ఇచ్చిన వస్తువు కూడా లెక్కలోకే వస్తుంది. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో దీని మీద ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. రాయనంటే వదిలేయండి. మీకు ఒక చీరంటే ఎన్ని రోజుల కూలి! దాని బదులు ఇప్పటికే కొన్నవాళ్లను రెండు మాటలు రాసిమ్మని, వాళ్లు ఒప్పుకుంటే పేరుతో పెట్టండి.

---

డాలస్_తెలుగిల్లు · సోమవారం, ఉదయం 6:30

నేను రాసిస్తాను. కానీ ముందు నాకొక చీర కావాలి, డబ్బులిచ్చే కొంటాను. ఈసారి తిరగేసి చూసుకుంటాను.

---

పుట్టపాక_మగ్గం · మూడు వారాల తర్వాత, శుక్రవారం, రాత్రి 9:55

ఇన్నాళ్లూ రాయలేకపోయాను, మన్నించండి. పెళ్లిళ్ల ఆర్డర్లు ఉన్నాయి.

బ్లాగులో ఇప్పటికి మూడు పోస్టులు అయ్యాయి. మొదటిది మీరు చూసిందే. రెండోది ధర గురించి. పట్టుకు ఎంత, రంగుకు ఎంత, ఆసు పోయడానికి (దారాన్ని మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేయడానికి) ఎన్ని పూటలు, చిటికీకి ఎన్ని రోజులు, మగ్గం మీద ఎన్ని రోజులు, మా చేతికి రోజు కూలి ఎంత పడుతుందో దాచుకోకుండా రాశాను. రాసేముందు చాలా టెన్షన్ పడ్డాను, లాభం తెలిసిపోతుందని. మామయ్యే అన్నాడు, దాచుకోవడానికి మనకు అంత లాభం ఎక్కడుందని. మూడోది తేలియా రుమాలు గురించి. నూలును నూనెలోనూ ఆముదం కాయల బూడిద నీళ్లలోనూ మార్చి మార్చి రెండు వారాలకు పైగా నానబెట్టి ఆరబెట్టే పద్ధతి, బట్ట విప్పగానే వచ్చే ఆ నూనె వాసన, ఎరుపు, నలుపు, తెలుపు రంగులు. ఇది రాస్తుంటే మామయ్య పక్కనే కూర్చుని ఒక్కో మెట్టు సరిచేశాడు. తనకు తెలిసింది రాత కెక్కడం అదే మొదటిసారట.

మొన్న బెంగళూరు నుంచి ఒకామె ఫోన్ చేసింది. నేను అలవాటు కొద్దీ "అమ్మా, ప్రింటుకూ దీనికీ తేడా..." అని మొదలుపెట్టాను. ఆమె మధ్యలో ఆపి, "అదంతా చదివానండీ. మీ అత్తగారు ఉన్నారా? ఒక్కసారి మాట్లాడొచ్చా?" అంది. ఫోను అత్తమ్మకు ఇచ్చాను. చేతులకు రంగు ఉంది, చెవి దగ్గర నేనే పట్టుకున్నాను. ఆమె ఏమందో నాకు వినబడలేదు. అత్తమ్మ మాత్రం "ఎరుపంచు చీర మంగళవారానికి మగ్గం దిగుతుంది బిడ్డా" అంది.

తర్వాతి పోస్టు ఆసు గురించి రాయమంటోంది అత్తమ్మ. ఆసు యంత్రం రాకముందు ఒక్క చీరకు వేలసార్లు చేయి అటూ ఇటూ తిప్పేవాళ్లు, భుజాలు పడిపోయేవి. తల్లి పడే ఆ బాధ చూడలేక చింతకింది మల్లేశం గారు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ వచ్చింది. పాత చేతి ఆసు పలక మా అటక మీద ఇంకా ఉంది. దించి ఫోటో తీయాలి. ఎలా తీస్తే బాగుంటుంది?

---

రీల్స్_రవ్వంత · శుక్రవారం, రాత్రి 10:10

ఫ్లాష్ వేయకండి అక్కా. పొద్దున ఏడింటికి వాకిట్లో నీడపట్టున పెట్టి తీయండి. దుమ్ము తుడవొద్దు, మేకులకు చుట్టుకుని మిగిలిన పాత దారం ఉంటే దాన్నీ తీసేయొద్దు.

---

పుట్టపాక_మగ్గం · శుక్రవారం, రాత్రి 10:25

ఉంది తమ్ముడూ, ఒక మేకుకు ఎర్రదారం ముక్క ఉంది. ఏ చీరదో అత్తమ్మను అడిగి రేపు ఫోటోతో పెడతాను.